మా ఇంట్లో బెంజి అంటే లారీ

బెంజి అనే మాట నేను మొదట విన్నది లారీల మధ్య. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నకి చిన్న షెడ్డు ఉండేది. లారీ ఇంజను దించడం, విప్పడం, బోరు చేయించడం, మళ్లీ ఎక్కించి స్టార్ట్ చేసి బండిని పంపించడం, ఇదీ అక్కడి పని. షెడ్డుకి వచ్చే పాత డ్రైవర్లు టాటా లారీని కూడా బెంజి బండి అనే పిలిచేవాళ్లు. "మేస్త్రిగారూ, ఇది బెంజి ఇంజనండీ, కాస్త చెయ్యేస్తే ఇంకో పదేళ్లు తిరుగుద్ది" అని నాన్నతో అనడం నాకిప్పటికీ చెవుల్లో ఉంది. స్కూలుకెళ్లే దారిలో బెంజి సర్కిల్ వచ్చేది. అక్కడ ఒకప్పుడు బెంజి లారీల కంపెనీ ఉండేదని, ఆ పేరే కూడలికి నిలిచిపోయిందని పెద్దవాళ్లు చెప్పేవారు. ఆ వయసులో నాకు జర్మనీ ఎక్కడుందో తెలియదు. బెంజి అంటే పెద్ద చక్రాలు, డీజిల్ వాసన, నాన్న చేతులకి అంటుకుని సర్ఫుతో కడిగినా వదలని నలుపు.

ఆ మాట మన రోడ్ల మీదికి ఎలా వచ్చిందో నాన్నే చెప్పాడు. 1954లో టెల్కో, అంటే ఇప్పటి టాటా మోటార్స్, జర్మనీలోని డైమ్లర్-బెంజ్ కంపెనీతో పదిహేనేళ్లకి ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచెయ్యడం మొదలుపెట్టింది. వాటి పేరు టాటా-మెర్సిడెస్-బెంజ్. ముందుకి పొడుచుకొచ్చిన గుండ్రటి బానెట్టు, జాలీ మీద మూడు కొమ్ముల నక్షత్రం. 1969లో ఒప్పందం ముగిశాక నక్షత్రం పోయి దాని చోట టాటా వాళ్ల 'టి' అక్షరం వచ్చింది. ఆ మరుసటి ఏడు, పద్నాలుగేళ్ల వయసులో, నాన్న పానాలు అందించే కుర్రాడిగా పనిలో చేరాడు. అప్పటికి కొత్త బళ్ల మీద నక్షత్రం లేకపోయినా, రిపేరుకి వచ్చే బళ్లలో చాలావాటి మీద ఉండేదట. గుర్తు మారింది కానీ డ్రైవర్ల నోట్లో పేరు మారలేదు.

అలాంటి ఒక పాత లారీని తుక్కుకి కొట్టేటప్పుడు దాని జాలీ మీది నక్షత్రాన్ని నాన్న అడిగి తెచ్చుకున్నాడు. ఒక కొమ్ము చివర విరిగిపోయింది. షెడ్డులో, క్యాలెండరు పక్కన మేకుకి వేలాడేది. ఏటా దసరాకి ఆయుధపూజ రోజున పానాలు, సుత్తులు, జాకీలు అన్నీ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, గోనెసంచి మీద వరసగా పేర్చి బొట్లు పెట్టేవాళ్లం. నక్షత్రానికి కూడా నాన్న మూడు బొట్లు పెట్టేవాడు, ఒక్కో కొమ్ముకి ఒకటి. విరిగిన కొమ్మునీ వదిలేవాడు కాదు.

బెంజి కారుని దగ్గరగా చూసింది 1996లో. నాన్న దగ్గర బళ్లు చేయించుకునే ఒక ట్రాన్స్‌పోర్టు యజమాని తెల్ల ఇ220 కొన్నాడు. టెల్కోతో కలిసి మెర్సిడెస్ వాళ్లు పుణె దగ్గర పింప్రిలో బిగించడం మొదలుపెట్టిన కారు అది. మన దేశంలో తయారైన మొదటి బెంజి కారు. కొన్న వారంలోనే ఆయన దాన్ని ఆటోనగర్ తీసుకొచ్చాడు. చూపించుకోవడానికే వచ్చాడు, అందులో దాపరికం ఏమీ లేదు. "మేస్త్రీ, నువ్వు చూడాలి దీన్ని. నువ్వు చూస్తేనే నాకు తృప్తి" అన్నాడు.

నాన్న ముందు చేతులు కడుక్కుని, వేస్టుతో తుడుచుకుని, అప్పుడు బండి దగ్గరికి వెళ్లాడు. బానెట్టు ఎత్తమంటాడనుకున్నాను. ఎత్తమనలేదు. డ్రైవరు పక్క తలుపు తీసి, నెమ్మదిగా వేశాడు. మళ్లీ తీసి, ఈసారి ఇంకా నెమ్మదిగా, వేలితో తోసినట్టు వేశాడు. రెండుసార్లూ ఒకటే చప్పుడు. బియ్యం బస్తా మీద ఇంకో బియ్యం బస్తా దించితే వస్తుందే, ఆ చప్పుడు. రేకు మోత లేదు, గొళ్లెం టక్కుమనడం లేదు. "విన్నావా?" అన్నాడు నాతో. అంతలో వాన మొదలైంది. అద్దం మీద తుడిచే చెయ్యి ఒక్కటే ఉంది! అది మధ్యలోంచి లేచి, మూల దగ్గరికి వచ్చేసరికి పొడుగ్గా సాగి, మళ్లీ ముడుచుకుని, ఇంకో మూలకి మళ్లీ సాగింది. మామూలు వైపరు అర్ధచంద్రం గీసి మూలలు వదిలేస్తుంది. ఇది మూలల్లోకి కూడా చెయ్యి చాపి తుడుస్తోంది. షెడ్డులో కుర్రాళ్లందరం నోరు తెరిచి చూశాం. నాన్న వానలో తడుస్తూ ఆ వైపరు మొదట్లో మరేముందో వంగి చూస్తున్నాడు. "లోపల చిన్న గేరు పెట్టాడ్రా, తిరుగుతూనే పైకీ కిందకీ ఆడేట్టు" అన్నాడు, ఎవరో తెలిసినవాడు చేసిన పనిని మెచ్చుకున్నట్టు.

చాలా ఏళ్ల తర్వాత చదివాను, ఆ బండి 1984లో వచ్చిన డబ్ల్యు124 అనే తరానిదని, అప్పటి డిజైన్ అధిపతి బ్రూనో సాకో అనే ఇటలీ మనిషని. పాతికేళ్ల దాకా మెర్సిడెస్ కార్ల రూపమంతా ఆయన చేతిమీదుగా నడిచింది. కొత్త బండి వస్తే పాత బండి పాతబడినట్టు కనిపించకూడదని ఆయన పట్టుదల. ఆ తెల్ల కారుని ఇప్పుడు తలుచుకున్నా నాకు పాతదనిపించదు.

2008లో ఎమ్మెస్ చదవడానికి జర్మనీలోని స్టుట్‌గార్ట్ వెళ్లాను. సీటు ఎక్కడొచ్చిందో చెప్పినప్పుడు నాన్నకి ఊరి పేరు పట్టుబడలేదు. "బెంజి ఊరు నాన్నా" అన్నాను. ఇంకేమీ అడగలేదు, డబ్బు సంగతి కూడా. అక్టోబరులో ఒక సాయంత్రం రెండు పెట్టెలతో మెయిన్ స్టేషన్లో దిగి బయటికి రాగానే తలెత్తి చూస్తే, స్టేషను గోపురం మీద వెలుగుతూ నెమ్మదిగా తిరుగుతున్న నక్షత్రం. మా షెడ్డులో మేకుకి వేలాడేదే. మూడు కొమ్ములూ బాగున్నాయి. కొత్త దేశం, రాని భాష, జేబులో లెక్కపెట్టుకున్న యూరోలు, లోపల చెప్పలేనంత టెన్షన్. అయినా ఆ నక్షత్రం కింద నిలబడ్డ ఐదు నిమిషాలు మాత్రం తెలిసిన చోటికే వచ్చినట్టనిపించింది.

అక్కడ ఒక తమాషా గమనించాను. ఆ ఊళ్లో ఎవరూ బెంజి అనరు, మెర్సిడెస్ అని కూడా పెద్దగా అనరు. డైమ్లర్ అంటారు. మా ఇంటి ఓనరు ఒక పెద్దాయన, ఉంటర్‌టుర్క్‌హైమ్ ప్లాంటులో ఇంజన్ల విభాగంలో పనిచేసి రిటైరైనవాడు. ఆయన తన జీవితం మొత్తాన్ని ఒక్క ముక్కలో చెప్పేవాడు, "డైమ్లర్ దగ్గర పనిచేశాను" అని. వాళ్ల నాన్నా అక్కడే, కొడుకూ అక్కడే. డైమ్లర్ అంటే కంపెనీ మొదలుపెట్టినవాళ్లలో ఒకడు, ఆ చుట్టుపక్కలవాడు, అందుకని. ఒకే కంపెనీని స్టుట్‌గార్ట్ డైమ్లర్ అంది, విజయవాడ బెంజి అంది, మిగతా ప్రపంచం మెర్సిడెస్ అంది. ఎవరి దగ్గరికి ఏ పేరు ముందు చేరితే వాళ్లకి అదే సొంతమైపోయింది.

2013 వేసవిలో నాన్నని రప్పించాను. అమ్మకి మోకాళ్ల నొప్పులు, రానంది. నెల రోజులు ఉన్నాడు. స్విట్జర్లాండు చూపిస్తానన్నా, పారిస్ అన్నా "ముందు బెంజి చూద్దాం, తర్వాత చూద్దాంలే" అన్నాడు.

మొదటిరోజు స్టుట్‌గార్ట్‌లోనే ఉన్న బాద్ కాన్‌స్టాట్ తీసుకెళ్లాను. పార్కు పక్కన, చెట్ల కింద, ఒక చిన్న ఇటుక కట్టడం. గాట్లీబ్ డైమ్లర్ 1882లో ఇల్లు కొనుక్కుని, దాని తోటలో ఉన్న అద్దాల గదిని పెంచి వర్క్‌షాపుగా మార్చుకున్నాడు. పక్కన తోటి ఇంజనీరు విల్‌హెల్మ్ మేబాక్. ఇద్దరూ పగలూ రాత్రీ తలుపులు వేసుకుని సుత్తి చప్పుళ్లు చేస్తుంటే, తోటమాలికి వీళ్లు దొంగ నాణేలు కొడుతున్నారని అనుమానం వచ్చి పోలీసులకి చెప్పాడట. పోలీసులు లోపలికి వెళ్లి చూస్తే పనిముట్లు, ఒక ఇంజను! నాన్న ఆ గదిని గుమ్మంలోంచే కొలిచాడు, కళ్లతో. "మన షెడ్డంత కూడా లేదురా" అన్నాడు. నిజమే, లేదు. అప్పటిదాకా ఉన్న గ్యాసు ఇంజన్లు నిమిషానికి నూట యాభై, నూట ఎనభై చుట్లు తిరిగితే గొప్ప. ఆ గదిలో పుట్టింది ఆరువందల చుట్లు తిరిగింది. నిలువుగా, నేలమీద నిలబెట్టే పెద్ద గడియారం లాగా ఉండేదని దానికి గడియారం ఇంజనని పేరు. 1885లో దాన్నే ఒక చెక్క బండికి పెట్టారు, అది ప్రపంచంలో పెట్రోలుతో నడిచిన మొదటి మోటారు సైకిలు అయింది. నాన్న అక్కడ రెండు గంటలు కూర్చున్నాడు. నేను చెప్పిన అంకెల్లో ఆరువందలు మాత్రం పట్టుకుని, "అంత వేగంలో అప్పట్లో ఇగ్నిషన్ ఎట్లా ఇచ్చార్రా?" అని అడిగాడు. ఒక గొట్టాన్ని బయటినుంచి మంటతో ఎర్రగా కాల్చి, దాని వేడితో అంటించేవాళ్లని చెప్పాను. తల ఊపి, చాలాసేపు ఆ గొట్టాన్నే చూశాడు.

మర్నాడు మెర్సిడెస్ మ్యూజియం. 2006లో తెరిచారు. ఒంపులు తిరిగిన అల్యూమినియం, అద్దం. లిఫ్టులో పైదాకా తీసుకెళ్లి, అక్కడినుంచి వాలు దారిలో చుట్లు చుట్లుగా కాలంలో కిందకి దింపుతారు. పైన లిఫ్టు దిగగానే కనిపించేది కారు కాదు, గుర్రం. నాన్న దాన్ని దాటి నేరుగా మూడు చక్రాల బండి దగ్గరికి వెళ్లిపోయాడు.

కార్ల్ బెంజ్ చేసిన బండి. 1886 జనవరి 29న దానికి పేటెంటు దరఖాస్తు చేశాడు, నంబరు 37435. ఒకే సిలిండరు, ఒక హార్స్‌పవర్ కూడా లేని బలం. వెనక సీటు కింద పెద్ద ఇనుప చక్రం పడుకోబెట్టినట్టుంది. ఇంజనులో ఫ్లైవీల్‌ని ఎవరైనా నిలువుగా పెడతారు. నిలువు చక్రం వేగంగా తిరుగుతుంటే మలుపు తిప్పడం కష్టమవుతుందేమోనని భయపడి, బెంజ్ దాన్ని అడ్డంగా పడుకోబెట్టాడు. స్టార్ట్ చెయ్యాలంటే ఆ చక్రాన్నే చేత్తో పట్టి తిప్పాలి. నాన్న తాడు ఇవతల నిలబడి, గాలిలో చక్రం పట్టుకున్నట్టు రెండు చేతులూ పెట్టి, నడుము వంచి తిప్పి చూశాడు. ఎక్కడ కాలు ఆనించాలో, ఏ వైపుకి లాగితే ఒళ్లు నొప్పి పట్టదో సరిచూసుకుంటున్నాడు. పక్కనున్న జర్మన్ పిల్లలు ఆయన్ని చూసి అదే చెయ్యడం మొదలుపెట్టారు.

ఆ బండి కన్నా నాన్నకి నచ్చింది బెంజ్ భార్య కథ. బెర్తా ఫోర్ట్స్‌హైమ్ ఊరి పిల్ల. పెళ్లికి ముందే తన కట్నం డబ్బు తెప్పించి అతని వర్క్‌షాపుని భాగస్వామి చేతిలోంచి విడిపించింది. బండి తయారైంది కానీ కొనేవాడు లేడు. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున, భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని తాము ఉండే మన్‌హైమ్ నుంచి పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైన దారి. అంతదూరం మోటారు బండిలో అంతకుముందు ఎవరూ వెళ్లలేదు. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. వైరు ఒరుసుకుపోతుంటే సాక్సు పట్టీతో చుట్టింది. ఎత్తు వస్తే పిల్లలు దిగి తోశారు. బ్రేకు చెక్కలు అరిగిపోతే బౌష్లాట్ అనే పల్లెలో చెప్పులు కుట్టే ఆయనతో వాటికి తోలు కొట్టించింది. "బ్రేకు లైనింగు!" అన్నాడు నాన్న, మ్యూజియంలో అందరూ తిరిగి చూసేంత గట్టిగా. "ఆవిడే కనిపెట్టిందన్నమాట."

ఆ తర్వాతి ఆదివారం వీస్‌లోఖ్ వెళ్లాం. వాల్‌డోర్ఫ్ పక్క ఊరు, సాప్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉన్నది ఆ వాల్‌డోర్ఫ్‌లోనే, కాబట్టి మన తెలుగువాళ్లు ఆ చుట్టుపక్కల చాలామందే ఉంటారు. నా స్నేహితుడి ఇంట్లో పెసరట్లు తిని, నడుచుకుంటూ ఊళ్లోకి వెళ్లాం. బెర్తా ఇంధనం అయిపోయినప్పుడు ఆగిన మందుల షాపు అక్కడుంది. ఆ రోజుల్లో పెట్రోలు బంకులెక్కడివి, బట్టల మీద మరకలు పోగొట్టే లిగ్రోయిన్ అనే ద్రవం సీసాల్లో అమ్మేవాళ్లు, అదే పోసుకుంది. ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు మాదేనని ఆ షాపువాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ముందు బెర్తా జ్ఞాపకంగా చిన్న శిల్పం. నాన్న అక్కడ చెప్పులు విప్పాడు. చుట్టూ చూసి, ఎవరైనా ఏమనుకుంటారో అన్నట్టు మళ్లీ తొడుక్కున్నాడు కానీ, విప్పడం నేను చూశాను.

మెర్సిడెస్ అంటే ఒక అమ్మాయి పేరని నాన్నకి అప్పటిదాకా తెలియదు. ఎమిల్ యెల్లినెక్ అనే వ్యాపారి ఫ్రాన్సులో నీస్ పట్నంలో ఉండేవాడు. డైమ్లర్ కార్లు కొని డబ్బున్నవాళ్లకి అమ్మేవాడు, పోటీల్లో పరిగెత్తించేవాడు. ఇవి ఎత్తుగా, గుర్రబ్బండిలా ఉన్నాయి, తిరగబడతాయి, కిందకీ పొడుగ్గానూ చెయ్యండి, బలం పెంచండి అని కంపెనీని నిద్రపోనిచ్చేవాడు కాదు. 1900లో ఒకేసారి 36 కార్లకి ఆర్డరిచ్చి, వాటికి తన కూతురి పేరు పెట్టాలని షరతు పెట్టాడు. ఆ పాపకి అప్పటికి పదేళ్లు. మేబాక్ గీసిన ఆ బండి, 35 హార్స్‌పవర్ది, 1901 మార్చిలో నీస్ పోటీల్లో మిగతావాటిని వెనక్కి తోసేసింది. గుర్రం లేని బండి అనే రూపం పోయి, కారు అనే రూపం అక్కడ మొదలైంది. కంపెనీ మరుసటి ఏడాదే ఆ పేరుని రిజిస్టరు చేయించింది. ఇంకో ఏడాదికి యెల్లినెక్ తన ఇంటిపేరునే యెల్లినెక్-మెర్సిడెస్ అని మార్చుకున్నాడు.

"మన లారీల వాళ్లకే ఈ పిచ్చి అనుకున్నా. వీళ్లూ అంతేనన్నమాట" అన్నాడు నాన్న. ఆటోనగర్‌లో బాడీ కట్టాక పెయింటరు అడిగే మొదటి మాట, "నుదుటి మీద ఏం పేరు రాయమంటారండీ?" అని. ఎక్కువమంది కూతురి పేరే రాయించుకుంటారు. నాన్న అప్పటికప్పుడు తను చేసిన బళ్ల మీది పేర్లు ఓ పది చదివాడు. ఆ పిల్లలకి ఇప్పుడు పిల్లలు.

నక్షత్రం కథ కూడా ఇలాంటిదే, ఇంటి కథ. డైమ్లర్ అంతకుముందు కొలోన్ దగ్గర డాయిట్స్‌లో ఉద్యోగం చేసేటప్పుడు, తామున్న ఇంటి మీద ఒక కార్డులో నక్షత్రం గుర్తు పెట్టి భార్యకి పంపాడట. ఆయన పోయాక కొడుకులిద్దరూ దాన్ని గుర్తుచేసుకుంటే, 1909లో కంపెనీ ఆ నక్షత్రాన్నే గుర్తుగా రిజిస్టరు చేయించింది. మూడు కొమ్ములు నేల, నీళ్లు, గాలి. బెంజ్, డైమ్లర్ జీవితంలో ఒక్కసారి కూడా కలుసుకోలేదని చెబుతారు. వాళ్ల మధ్య దూరం విజయవాడ నుంచి రాజమండ్రి అంత కూడా లేదు. వాళ్ల కంపెనీలు మాత్రం, మొదటి యుద్ధం తర్వాత వచ్చిన కరువు రోజుల్ని తట్టుకోలేక, 1926 జూన్ 28న ఒకటయ్యాయి.

మ్యూజియంలో ఎక్కువమంది ఫొటోలు దిగేది 300 ఎస్‌ఎల్ దగ్గర. 1954లో న్యూయార్క్‌లో మొదట చూపించారు, తలుపులు పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి. అందం కోసం అలా చేశారనే నేనూ అనుకునేవాణ్ని. నాన్న కిందకి వంగి తలుపు దిగువ అంచు చూశాడు. "గొట్టాలు ఇంత ఎత్తు దాకా వచ్చాయి చూడు, తలుపు పక్కకి ఎట్లా తెరుచుకుంటది? వేరే దారి లేకే పైకి పెట్టాడు" అన్నాడు. నేను చదివిన పుస్తకాలు చెప్పింది సరిగ్గా అదే. సన్న గొట్టాలతో అల్లిన తేలికైన చట్రం, బలం కోసం పక్కల్లో ఎత్తుగా రావాల్సి వచ్చింది, మామూలు తలుపుకి చోటు మిగల్లేదు.

దానికంటే ముందే, దిగే దారిలో, రెండో యుద్ధం వస్తుంది. హిట్లర్ కాలంలో ఈ కంపెనీ సైన్యానికి లారీలు, విమానాల ఇంజన్లు చేసింది. 1944కల్లా ఇక్కడ పనిచేసినవాళ్లలో సగం మంది దాకా ఇష్టంతో వచ్చినవాళ్లు కారు. యుద్ధఖైదీలు, ఇతర దేశాల నుంచి పట్టుకొచ్చినవాళ్లు, నిర్బంధ శిబిరాల ఖైదీలు. మ్యూజియం ఆ సంగతి దాచకుండా పెట్టింది. నేను చదివి నాన్నకి చెప్పాను. ఆయన అక్కడ ఉన్నంతసేపు ఏమీ మాట్లాడలేదు. బయటికి వచ్చాక, కాఫీ తాగుతూ, "చేతిపని వచ్చినవాణ్ని కట్టేసి చేయించారన్నమాట" అన్నాడు. ఈ కంపెనీని ఇష్టపడేవాళ్లు ఈ ముక్కని దాటుకుని వెళ్లకూడదని నా అభిప్రాయం. నేను ఎవరిని ఆ మ్యూజియానికి తీసుకెళ్లినా అక్కడ తప్పకుండా ఆగుతాను.

నాన్నకీ నాకూ నిజంగా వాదన జరిగింది ఒక్క చోటే. బేలా బరేని అనే ఇంజనీరు గురించి చెబుతున్నాను. కారు ముందు భాగం, వెనక భాగం గుద్దుకున్నప్పుడు కావాలనే నలిగిపోవాలి, మధ్యలో మనుషులుండే పెట్టె మాత్రం చెక్కుచెదరకూడదు అని 1951లోనే పేటెంటు రాశాడాయన. 1959లో వచ్చిన పెద్ద సెడాన్‌లో, తోక దగ్గర చిన్న రెక్కలుండే బండిలో, దాన్ని మొదటిసారి పెట్టారు. నాన్న ఒప్పుకోలేదు. "బండి గట్టిగా ఉండాలి కానీ నలిగిపోయేట్టు చెయ్యడమేంట్రా" అన్నాడు. నలభై ఏళ్లుగా గట్టి ఇనుముని నమ్మిన మనిషి. నేను జేబులోంచి ఖాళీ కాగితం కప్పు తీసి, దాని వెనక బొటనవేలు పెట్టి గోడకి నొక్కాను. కప్పు నలిగింది, వేలికేమీ కాలేదు. తర్వాత వట్టి వేలినే గోడకేసి కొట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు.

కాసేపటికి ఆయనే మొదలుపెట్టాడు. జాతీయ రహదారి మీద గుద్దుకున్న లారీలు షెడ్డుకి వచ్చేవి కదా. ఛాసిస్ చెక్కుచెదరకుండా ఉండేదట, ఇంజను బాగానే ఉండేదట, వారంలో బండి మళ్లీ రోడ్డెక్కేదట. "బండి నిలిచేది. లోపలున్నవాడు నిలిచేవాడు కాదు" అన్నాడు. ఒక డ్రైవరు గురించి చెప్పాడు, స్టీరింగుకీ సీటుకీ మధ్య ఇరుక్కున్నవాడి గురించి. నేను చిన్నప్పుడు ఆ డ్రైవరు భుజాల మీద ఆడుకున్నానట, నాకు గుర్తులేదు. మెర్సిడెస్ కార్లలో 1978లో ఏబీఎస్, అంటే బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది, 1981లో ఎయిర్‌బ్యాగు మొదట ఎస్-క్లాసు అనే పెద్ద కారులో వచ్చాయని, మొదట ఖరీదైన బళ్లలో వచ్చినవే మెల్లగా అందరి బళ్లలోకి దిగుతాయని చెబితే, "లారీలోకి ఎప్పుడు దిగుతాయి?" అని ఒక్క మాట అడిగాడు. నాకు మెర్సిడెస్ మీద ఇష్టానికి పెద్ద కారణం తోలు సీట్లూ, చెక్క పలకలూ కావు. ఆ నక్షత్రం కింద పనిచేసినవాళ్లు, బండి ఎట్లా పోతుందన్నదే కాక, గుద్దుకున్నాక లోపలి మనిషి ఏమవుతాడని కూడా కూర్చుని ఆలోచించారు, డెబ్బై ఏళ్ల కిందటే.

నాన్న మళ్లీ మళ్లీ చెప్పించుకున్న ఇంకో సంగతి గ్రీసు దేశపు టాక్సీ. గ్రెగోరియోస్ సహినిదిస్ అనే టాక్సీ డ్రైవరు 1976 నాటి 240డి డీజిల్ కారుని 46 లక్షల కిలోమీటర్లు నడిపాడు. కంపెనీ 2004లో ఆ బండిని తన మ్యూజియానికి తీసుకుంది. మామూలుగా తయారుచేసి అమ్మిన మొదటి డీజిల్ కారు కూడా వీళ్లదే, 1936లో వచ్చిన 260డి. నాన్నకి ఇలాంటి వాటిలో అద్భుతం కనిపించదు. లెక్క కనిపిస్తుంది. "ఇంజను ఎన్నిసార్లు దించాడట?" అన్నాడు. చాలాసార్లే మార్చాడని చెప్పాను. "అదీ, అట్లా చెప్పు. బండి బతికిందంటే దాన్ని చూసుకున్నవాడు ఉన్నాడని."

ఇక మా ఇంటి ఓనరు సంగతి. ఆయన గ్యారేజీలో 1983 నాటి 240డి ఉంది, లేత పసుపు రంగు, జర్మనీలో టాక్సీలు ఎక్కువగా ఉండే రంగు. ఆదివారాలు మాత్రమే తీస్తాడు. నాన్న వెళ్లిపోయే ముందు శనివారం పొద్దున ఆయన పిలిచాడు. నాన్నకి జర్మన్ రాదు, ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం, నేను మధ్యలో. కాసేపటికి నా అవసరం పోయింది. పెద్దాయన తాళం తిప్పి, హీటరు లైటు ఆరేదాకా ఆగి, స్టార్ట్ చేశాడు. నాన్న గోడకున్న పనిముట్లలోంచి పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి చూపించి, తీసుకోనా అన్నట్టు చూశాడు. ఆయన తీసిచ్చాడు. నాన్న మొనని ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆటోనగర్‌లో ఆయన్ని నేను కొన్ని వందల సార్లు అలా చూసుంటాను. ఒకటో సిలిండరు, రెండు, మూడు, నాలుగు. తర్వాత చెయ్యి చదునుగా చాపి, గాలిలో గీత గీసినట్టు జరిపాడు, అన్నీ సమానం అని.

పెద్దాయన నవ్వి, నాన్నని అటు తిరగమని సైగ చేశాడు. పానా తీసి, నాలుగు నాజిళ్ల గొట్టాల్లో ఒకదాని నట్టు కొంచెం వదులు చేశాడు. ఇంజను కుంటడం మొదలుపెట్టింది. నాలుగింటి మీదా గుడ్డ కప్పి, ఇప్పుడు చెప్పు అన్నట్టు చేతులు కట్టుకున్నాడు. నాన్న మళ్లీ స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. మూడో దాని దగ్గర ఆగి, నాలుగు కూడా విని, వెనక్కి వచ్చి మూడు వేళ్లు చూపించాడు. గుడ్డ తీస్తే మూడోదే, డీజిల్ కారుతోంది. పెద్దాయన నట్టు బిగించి, స్క్రూడ్రైవరు తను తీసుకుని, పానా నాన్న చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఇప్పుడు ఆయన వంతు. అలా ఆ ఇద్దరూ మధ్యాహ్నం దాకా ఆడుకున్నారు, కంచె పక్కన గోళీలాడే పిల్లల్లా. ఒక్కసారి కూడా ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు.

వచ్చేటప్పుడు పెద్దాయన తను ప్లాంటులో ముప్ఫై ఏళ్లు వాడిన ఫీలర్ గేజి, సన్న సందులు కొలిచే రేకుల కట్ట, నాన్నకి ఇచ్చాడు. అంచులు మెరుగుపట్టి, అంకెలు సగం చెరిగిపోయి ఉన్నాయి. నాన్న దాన్ని పెట్టెలో పెట్టలేదు, చొక్కా జేబులో పెట్టుకుందామనుకున్నాడు. విమానంలో పట్టుకెళ్లనివ్వరని చెప్పి నేనే బట్టల మధ్య సర్దాను.

ఇప్పుడు షెడ్డు మా తమ్ముడు చూసుకుంటున్నాడు. బెంజి సర్కిల్ మీద ఫ్లైఓవర్ వచ్చింది. దసరా రోజు పొద్దున్నే తమ్ముడు ఫొటో పంపుతాడు. పానాలు, జాకీలు, విరిగిన కొమ్ముతో నక్షత్రం, దాని పక్కన ఫీలర్ గేజి. అన్నిటికీ బొట్లు. కాసేపటికి నాన్న ఫోన్ చేసి అమ్మ వండిన పులిహోర దగ్గర్నుంచి అన్నీ చెప్పి, చివర్న "పెద్దాయన బండి ఎట్లా ఉంది?" అంటాడు. నేను ఫోను పట్టుకుని కింద గ్యారేజీకి వెళ్తాను. ఆయనకి అలవాటే, నన్ను చూడగానే తాళం తీస్తాడు. హీటరు లైటు ఆరేదాకా ముగ్గురం ఆగుతాం. స్టార్టయ్యాక ఫోనుని ఇంజను దగ్గర పెడతాను. అవతల నాన్న ఎవరినో "ఆపండ్రా ఆ గొడవ" అని కసురుతాడు. కాసేపు ఏమీ వినపడదు.

"ఊఁ. నాలుగూ కొడుతున్నాయి. ఇంక ఆపేయమను."